మాస్కు చాటు పనితనం

2020 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని కొన్ని కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళ ప్లాస్టిక్ ఏప్రన్ల మీద ఫొటోలు వెలిశాయి. లామినేట్ చేసిన కాగితం మీద నవ్వు ముఖం, దాని కింద లావుపాటి అక్షరాల్లో పేరు. ముక్కూ నోరూ మాస్కు చాటుకు వెళ్ళిపోయాయి కాబట్టి, వాళ్ళు తమ ముఖాన్ని గుండెల మీద తగిలించుకుని తిరిగారు.

ఆ ఏర్పాటు చేసినవాళ్ళకు తమ ఎదుట ఉన్న మనుషుల సంగతి బాగా తెలుసు. డిమెన్షియా ముదిరిన పెద్దావిడకు తన మంచం పక్కన నిలబడింది కూతురో నర్సో తెలియకపోవచ్చు. ఇది ఏ ఊరో, ఏ సంవత్సరమో తెలియకపోవచ్చు. కానీ వచ్చిన మనిషి నెమ్మదైనదా, విసుగ్గా ఉందా, తొందరలో ఉందా అన్నది మాత్రం ముఖం చూసీ గొంతు వినీ ఇట్టే పట్టేస్తుంది. మాటల అర్థం జారిపోయాక కూడా చాలామందిలో ఈ పసిగట్టే శక్తి మిగిలే ఉంటుంది. కేర్ వర్కర్ రోజు మొత్తం ఆ శక్తిని నమ్ముకునే నడుస్తుంది. అలాంటి చోట ముఖం కప్పుకోవలసి వచ్చింది.

బ్రిటన్ కేర్ హోముల్లో ఉండేవారిలో దాదాపు 70 శాతం మందికి డిమెన్షియా ఉంటుందని అక్కడి అల్జీమర్స్ సొసైటీ అంచనా. 2020 మార్చి 17న, కోవిడ్ రోగుల కోసం ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ చేయమని ఆదేశాలు వెళ్ళాయి. ఏప్రిల్ 15 లోగా దాదాపు 25,000 మందిని ఆసుపత్రుల నుంచి కేర్ హోములకు పంపించారు. వాళ్ళలో చాలామందికి కోవిడ్ పరీక్ష జరగలేదు. లక్షణాలు లేనివారి నుంచి కూడా జబ్బు పాకే ప్రమాదాన్ని ప్రభుత్వం లెక్కలోకి తీసుకోకపోవడం చట్టవిరుద్ధమని లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది, అదీ 2022 ఏప్రిల్‌లో. ఈలోగా, మొదటి అలలో, 2020 మార్చి 2 నుంచి జూన్ 12 లోపలే ఇంగ్లండ్, వేల్స్ కేర్ హోముల వాసుల్లో 19,394 మంది కోవిడ్ కారణంగా పోయారు. వాళ్ళలో దాదాపు సగం మందికి డిమెన్షియా ఉంది.

ఈ అంకెల గురించి విచారణలు జరిగాయి, పుస్తకాలు వచ్చాయి. నేను రాయదలచుకున్నది ఆ నెలల్లో ఆ గదుల్లో చేతులతో జరిగిన పని గురించి. ఆ పనికి జాలి, ఓర్పు ఉంటే చాలని లోకం అనుకుంటుంది. జాలి అందరికీ ఉంటుంది. ఈ పనికి కావలసింది నేర్పు. శిల్పి ఉలి పట్టే తీరునో వీణ వాయించేవారి వేళ్ళనో చూసినట్టు దగ్గర నుంచి చూస్తే తప్ప అది కనబడదు.

ఆ నేర్పును విడదీసి చూడడానికి ఫ్రాన్స్‌లో ఇద్దరు మంచి దారి వేసి పెట్టారు. ఈవ్ జినెస్ట్, రోజెట్ మారెస్కొటి అనే ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు 1979 నుంచి ఆసుపత్రుల్లో, వృద్ధుల హోముల్లో పనిచేస్తూ ‘హ్యుమానిట్యూడ్’ అనే పద్ధతిని రూపొందించారు. దానికి నాలుగు స్తంభాలు: చూపు, మాట, స్పర్శ, నిటారుగా నిలబడడం. జపాన్‌లో ఈ పద్ధతికి మంచి ఆదరణ దొరికింది. ఇంగ్లండ్ కేర్ వర్కర్లలో చాలామంది దీని పేరు కూడా విని ఉండరు. అయినా మంచి పనిమంతురాలి పనిని గమనిస్తే ఈ నాలుగూ అందులో ఉంటాయి. మహమ్మారి దెబ్బ కొట్టింది ఈ నాలుగింటి మీదే. మాస్కు చూపునూ మాటనూ అడ్డుకుంది, గ్లవ్ స్పర్శను అడ్డుకుంది, గదిలోంచి కదలవద్దన్న నియమం నిలబడి నడవడాన్ని అడ్డుకుంది.

ఉదయం స్నానం సంగతే తీసుకుందాం. డిమెన్షియా ఉన్న మనిషికి రోజులో అన్నిటికంటే భయం కలిగించే సమయం అదే. ఎవరో వచ్చి బట్టలు విప్పుతున్నారు, తడి చేస్తున్నారు. ఎందుకో తెలియదు. భయపడ్డ మనిషి కొడుతుంది, గిచ్చుతుంది, అరుస్తుంది. రికార్డులో ‘సహకరించలేదు’ అని రాస్తారు. పని తెలిసినావిడ ఆ మాట రాయాల్సిన అవసరం రాకుండా చూసుకుంటుంది. తలుపు తట్టి, జవాబు రాకపోయినా కాసేపు ఆగుతుంది. పక్క నుంచీ వెనక నుంచీ కాకుండా కంటికి ఎదురుగా నడిచి వస్తుంది. మంచం పక్కన మోకాళ్ళు వంచి, తన కళ్ళు ఆమె కళ్ళ ఎత్తుకు వచ్చేదాకా కిందికి దిగుతుంది. పై నుంచి వంగి చూసే ముఖం ఎవరికైనా అధికారంలా కనిపిస్తుంది, మాస్కు కూడా తోడైతే మరీను.

కోవిడ్ రోజుల్లో దీనికి ఇంకో మెట్టు చేరింది. కొందరు గుమ్మం దగ్గరే, దూరంగా నిలబడి, ముందు ముఖం చూపించేవారు. నవ్వి, పేరు చెప్పి, ఆవిడ చూస్తుండగానే మాస్కు కట్టుకునేవారు. ముఖం ఎక్కడికి పోయిందో కళ్ళారా చూసిన మనిషికి మాస్కును చూస్తే అంతగా భయం వేయదు. ఒక్కసారిగా లోపలికి వచ్చిన నీలిరంగు గుడ్డముక్క దొంగలానో ఆపరేషన్ థియేటర్‌లానో తోస్తుంది. ముందు ముఖం చూపించడానికి పట్టేది అర నిమిషం. పదిమందికి స్నానాలు చేయించాల్సిన ఉదయాన, పక్కన పనిచేసేవాళ్ళలో ఇద్దరు జబ్బుపడి రాని రోజున, ఆ అర నిమిషాన్ని వదులుకోకపోవడాన్ని నేను గొప్ప పనితనంగా లెక్కవేస్తాను.

మాస్కు గొంతులోని సన్నని స్వరాలను మింగేస్తుంది. ముసలితనంలో చెవి ముందుగా పోగొట్టుకునేవీ ఆ సన్నని స్వరాలే. కాబట్టి వినబడలేదని గొంతు పెంచితే లాభం ఉండదు సరికదా, తిట్టినట్టు వినిపిస్తుంది. మంచి కేర్ వర్కర్లు గొంతు పెంచకుండా కిందికి దించడం, మాట నెమ్మదించడం అలవాటు చేసుకున్నారు. ఒక్కో వాక్యంలో ఒక్క సంగతి. ‘స్నానం చేసి, బట్టలు మార్చుకుని, టిఫిన్‌కి వెళ్దామా’ అంటే మూడు పనులు తలలో కలగాపులగం అయిపోతాయి. ‘చేయి ఇలా ఇవ్వండి’ అని ఆగితే చేయి వస్తుంది. నోరు కనబడదు కనుక కనుబొమలతో, తల ఊపడంతో, భుజాలతో నవ్వడం నేర్చుకున్నారు. నటులు ఏళ్ళ తరబడి సాధన చేసే విద్యను వీళ్ళు కొన్ని వారాల్లో పట్టుకోవలసి వచ్చింది.

ఇక స్పర్శ. మణికట్టు పట్టుకుని లాగితే ఏ మనిషైనా వెనక్కి లాక్కుంటాడు. డిమెన్షియాలో ఆ ప్రతిస్పందన ఇంకా బలంగా ఉంటుంది. అందుకే అరచేయి మొత్తం ఆనించి, కింది నుంచి ఆసరా ఇస్తున్నట్టు తాకాలి. వేళ్ళతో బిగించకూడదు. అమెరికాలో టీపా స్నో అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు నేర్పే ఒక పద్ధతిలో కేర్ వర్కర్ తన చేతిని పెద్దావిడ చేతి కింద ఉంచుతుంది. పైకి చూస్తే ముఖం తుడుచుకుంటున్నది పెద్దావిడే. కింద నుంచి నడిపిస్తున్నది కేర్ వర్కర్. దీని వెనక మెదడు శాస్త్రం ఉంది. అల్జీమర్స్ మొదట్లోనే హిప్పోకాంపస్‌ను దెబ్బతీస్తుంది. నిన్నటి సంగతులు, ఇందాకటి మాటలు అక్కడే చెరిగిపోతాయి. ముఖం కడుక్కోవడం, బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం లాంటి చేతి అలవాట్లు మెదడులో వేరే చోట్ల నిలిచి ఉంటాయి. అక్కడికి జబ్బు ఆలస్యంగా చేరుతుంది. చేతికి దారి అందిస్తే చాలు, మిగతా పని చేయి గుర్తుపెట్టుకుని చేసుకుపోతుంది. గ్లవ్ వేసుకున్నాక ఈ పద్ధతి విలువ ఇంకా పెరిగింది, ఎందుకంటే చల్లటి ప్లాస్టిక్ వేళ్ళు ఆవిడ చర్మం మీద ఎక్కువసేపు తిరగాల్సిన అవసరం తగ్గుతుంది. తొడుక్కున్న గ్లవ్‌లను వెచ్చటి నీళ్ళలో ముంచి అప్పుడు తాకడం కూడా ఇలాంటిదే. చిన్న సంగతి, కానీ ఒళ్ళు ఉలిక్కిపడదు.

చేతులు ఇరవై సెకన్లు కడుక్కోవాలన్నది ఆ రోజుల్లో ప్రపంచమంతా విన్న మాట. డిమెన్షియా ఉన్నవారికి ఆ మాట చెప్పి ప్రయోజనం లేదు, గోడ మీద పోస్టర్ అతికించీ ప్రయోజనం లేదు. కేర్ వర్కర్ తనూ పక్కనే నిలబడి, తన చేతులూ సబ్బు నురగలో పెట్టి, ఆ మనిషికి చిన్నప్పటి నుంచి వచ్చిన పాట అందుకునేది. పాట అయ్యేసరికి చేతులు శుభ్రం. పాటలు జ్ఞాపకంలో చివరిదాకా నిలబడతాయన్నది ఈ పని చేసే ప్రతివారికీ అనుభవం. ఎవరికి ఏ పాట అన్నది తెలిసి ఉండడం మాత్రం ఊరికే వచ్చే జ్ఞానం కాదు. చర్చిలో పాడినావిడకు ఒకటి, డాన్స్ హాళ్ళకు వెళ్ళినాయనకు ఇంకొకటి.

అన్నిటికన్నా చిక్కు, నడిచే మనుషులతో వచ్చింది. డిమెన్షియా ఉన్నవారిలో చాలామంది రోజంతా నడుస్తూనే ఉంటారు. వరండా చివరిదాకా వెళ్ళి, ప్రతి తలుపూ తెరిచి చూసి, ఎవరి గదిలోనో మంచం మీద కూర్చుంటారు. అప్పుడు నియమం ఏమిటంటే లక్షణాలున్నా, కొత్తగా ఆసుపత్రి నుంచి వచ్చినా పద్నాలుగు రోజులు గదిలోనే. నియమం గుర్తుండని మనిషి దాన్ని ఎలా పాటిస్తాడు? తలుపుకు తాళం వేయడానికి వీల్లేదు. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం మనిషి స్వేచ్ఛను అడ్డుకోవడానికి ముందు తప్పనిసరిగా దాటాల్సిన మెట్లున్నాయి. మందు ఇచ్చి మత్తులో పడుకోబెట్టడం ఇంకో దారి. ఆ దారి కొందరు పట్టారన్నది దాచాల్సిన సంగతి కాదు: 2020 వసంతంలో ఇంగ్లండ్‌లో డిమెన్షియా రోగులకు యాంటీసైకోటిక్ మందులు రాయడం పెరిగింది. ఆ మందుల వల్ల డిమెన్షియా ఉన్నవారిలో పక్షవాతం, మరణం ప్రమాదం పెరుగుతుందని 2009లోనే ప్రభుత్వం వేయించిన బెనర్జీ నివేదిక హెచ్చరించింది.

పని తెలిసినవాళ్ళు ముందు ‘ఈయన ఎందుకు నడుస్తున్నాడు’ అని అడిగారు. మూత్రానికి వెళ్ళాలని ఉండి చెప్పలేక నడిచేవాళ్ళు ఉంటారు. నడుం నొప్పికి కూర్చోలేక నడిచేవాళ్ళు, సాయంత్రమైంది కాబట్టి పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలని నడిచేవాళ్ళు, నలభై ఏళ్ళు పోస్టు బట్వాడా చేసి ఆ అలవాటుతో నడిచేవాళ్ళు ఉంటారు. కారణం దొరికితే చేయాల్సింది కనబడుతుంది. మొదటి మనిషికి బాత్రూం చూపించాలి, రెండో మనిషికి నొప్పి మాత్ర ఇవ్వాలి. పోస్టుమన్‌కు మాత్రం నడకే ఇవ్వాలి. అందరూ గదుల్లో ఉన్న వేళ చూసి, వెంట ఒకరు నడుస్తూ, తాకిన ప్రతి పిడినీ రెయిలింగునూ వెనకే తుడుచుకుంటూ పోయారు. తోట తలుపు దగ్గరగా ఉన్న గదులు అలాంటివారికి మార్చారు. కొందరి చేతికి తువ్వాళ్ళు ఇచ్చి మడతపెట్టమన్నారు. మడత పెట్టినవాటిని మళ్ళీ విప్పి ఇంకో బుట్టలో ఇచ్చారు. అది మోసమనిపిస్తే ఒక్క సంగతి ఆలోచించండి: ఆ చేతులకు పని కావాలి, పని దొరికింది. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1997లో వెలువరించిన ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’లో మనిషి అవసరాలను ఏకరువు పెడుతూ ఊరట, అనుబంధంతో పాటు చేతికి పనిని కూడా చేర్చాడు. అది మడతపెట్టిన తువ్వాళ్ళలో కనిపిస్తుంది.

జబ్బును పసిగట్టడంలో వీళ్ళు చూపిన నైపుణ్యం డాక్టర్లను కూడా ఆశ్చర్యపరిచేది. జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం అని ప్రభుత్వం జాబితా ఇచ్చింది. ఎనభై ఐదేళ్ళ మనిషిలో కోవిడ్ చాలాసార్లు అలా రాలేదు. ముందురోజు దాకా నడిచిన మనిషి ఇవాళ కుర్చీలోంచి లేవలేదు. టీ ముట్టలేదు. ఎప్పుడూ లేనిది పడిపోయింది. ఉన్న అయోమయానికి తోడు హఠాత్తుగా ఇంకో మబ్బు కమ్మింది. వాసన పోయిందని, నోటికి రుచి లేదని చెప్పగల మాట ఆమె దగ్గర లేదు, ప్లేటు పక్కకు నెట్టేయడమే ఆమె చెప్పగలిగింది. ఇది పట్టాలంటే ఆమె నిన్న ఎలా ఉందో, పోయిన నెల ఎలా ఉందో తెలిసి ఉండాలి. థర్మామీటర్‌కు అది తెలియదు, పక్కనుండే మనిషికి తెలుసు. నొప్పి కూడా అంతే. ఆస్ట్రేలియాలో తయారైన అబ్బీ పెయిన్ స్కేల్ అనే కొలమానం మాట రాని మనిషి నొప్పిని ఆరు గుర్తులతో అంచనా వేస్తుంది. మూలుగు, ముఖం ముడతలు, ఒంటి కదలిక, ప్రవర్తనలో మార్పు, నాడీ చెమటా లాంటివి, ఒంటి మీద దెబ్బలూ పుళ్ళూ. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 14 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన నొప్పి. ఈ కాగితాన్ని నిజాయితీగా నింపాలంటే ఆ ముఖంలో ఏ ముడత పాతదో ఏది కొత్తదో ఎరిగి ఉండాలి.

2020 జూలై నుంచి సిబ్బందికి వారానికోసారి, వృద్ధులకు 28 రోజులకోసారి పరీక్ష మొదలైంది. ముక్కులోకీ గొంతులోకీ పుల్ల దూర్చబోతున్నారని అర్థం కాని మనిషి దగ్గర స్వాబ్ తీయడం తేలికైన పని కాదు. ముందు తన ముక్కు దగ్గర పెట్టి చూపించడం, పుల్లను ఆవిడ చేతికే ఇచ్చి తాకనివ్వడం, గొంతు వద్దంటే ముక్కుతో సరిపెట్టడం, అసలే వద్దంటే ఆపేసి, టీ అయ్యాక మళ్ళీ రావడం. ఆపేయడం కూడా నైపుణ్యంలో భాగమే. మొండికేసి ఒకసారి బలవంతంగా తీస్తే ఇక ఆ గదిలో ఏ పనీ జరగదు.

వీడియో కాల్ గురించి బయట చాలా ముచ్చటగా రాశారు. లోపల అది కష్టమైన పని. తెరమీద మాట్లాడుతున్న కొడుకును టీవీలో మనిషి అనుకునేవాళ్ళు ఎక్కువ. అందుకని కేర్ వర్కర్ పక్కనే కూర్చుని, కొడుకు పేరు పలికి, తెర వైపు చూపించి, అతను అన్న మాటను మళ్ళీ తన గొంతుతో చెప్పేది. చూపు అలిసిపోతున్నట్టు కనబడగానే, అయిదు నిమిషాలే అయినా ముగించేసేది. అవతలి మనిషి బాధపడతాడని తెలిసీ ముగించేది. కిటికీ అద్దం అవతల కూతురు నిలబడ్డ రోజున అద్దంలో ప్రతిబింబాలు పడకుండా కుర్చీ ఎటు తిప్పాలో, ఫోన్ స్పీకర్ ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. ‘లోపలికి ఎందుకు రాదు?’ అని పెద్దావిడ పదేపదే అడిగితే పదోసారి కూడా మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పాలి.

కొందరు అసలు ఇంటికే వెళ్ళలేదు. ఫ్రాన్స్‌లో లియోన్ పక్కన కోర్బా ఊళ్ళో విలనోవా అనే హోములో 106 మంది వృద్ధులుండేవారు. మార్చి 18న సిబ్బందిలో 29 మంది స్వచ్ఛందంగా లోపలే ఉండిపోయారు. నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. వాళ్ళలో కొందరు 47 పగళ్ళు, 47 రాత్రులు అక్కడే ఉండి మే 4న బయటికి వచ్చారు. వృద్ధులను గదుల్లో బంధించకుండా ఉంచడానికే ఆ నిర్ణయం తీసుకున్నారు. వైరస్ లోపలికి వచ్చే దారి తామే కాబట్టి, ఆ దారిని మూసేశారు. ఇంట్లో పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు అందులో ఉన్నారు.

బంధువులు రాలేని చోట చివరి గంటల్లో ఆ కుర్చీలో కేర్ వర్కర్ కూర్చుంది. ఆరిపోయిన పెదాలను తడి స్పాంజితో అద్దడం, ఫోనును చెవి దగ్గర పట్టుకోవడం, పక్కకు ఒత్తిగిలేలా తిప్పడం, శ్వాస మారినప్పుడు అవతలివారికి మెల్లగా చెప్పడం. అది అయ్యాక గ్లవ్, ఏప్రన్ తీసి సంచిలో వేసి, కొత్తవి తొడుక్కుని పక్క గదికి వెళ్ళి, కళ్ళతో నవ్వాలి. పక్క గదిలో ఉన్నావిడ దుఃఖాన్ని పసిగట్టగలదు కదా. దీన్ని చేసి చూపించినవాళ్ళకు నేను చేతులు జోడిస్తాను.

ఇంత నేర్పుకు ముట్టిన ప్రతిఫలం చెప్పాలి. 2020 ఏప్రిల్ నాటికి బ్రిటన్‌లో 25 ఏళ్ళు దాటినవారికి చట్టబద్ధమైన కనీస వేతనం గంటకు 8.72 పౌండ్లు. కేర్ వర్కర్లలో ఎక్కువమంది దానికి కాస్త అటూ ఇటూ సంపాదించేవారు. జబ్బు పడితే చట్టప్రకారం వచ్చే భృతి వారానికి 95.85 పౌండ్లు. ఆ డబ్బుతో ఇంట్లో కూర్చోలేక పనికి వచ్చినవాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. సిబ్బందికి జీతంతో సెలవు ఇచ్చిన హోముల్లో వృద్ధులకు సోకడం తక్కువగా ఉందని ఆ జూలైలోనే ఇంగ్లండ్ కేర్ హోముల మీద జరిగిన వివాల్డి అధ్యయనం చూపించింది. మార్చి 26 నుంచి పది గురువారాలు జనం గుమ్మాల్లో నిలబడి, వైద్య సిబ్బందితో పాటు వీళ్ళకూ కృతజ్ఞతగా చప్పట్లు కొట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించిన వలస విధానంలో వీళ్ళది ‘నైపుణ్యం తక్కువ’ పనుల్లో పడి, వీసాకు దారి లేకుండా పోయింది. ఆ తలుపు 2022 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అప్పుడు మన తెలుగు రాష్ట్రాల నుంచి కూడా అబ్బాయిలూ అమ్మాయిలూ అక్కడికి కేర్ వర్కర్లుగా వెళ్ళారు. మన దగ్గరైతే ఈ పని ఇంకా ఎక్కువగా ఇళ్ళలోనే, కోడలో కూతురో జీతం లేకుండా చేస్తోంది. దేశంలో అరవై దాటినవారిలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉంటుందన్న అంచనాను గుర్తుపెట్టుకుంటే, ఎన్ని లక్షల చేతులు ఈ పనిని ఎవరూ నేర్పకుండా నేర్చుకుంటున్నాయో ఊహించుకోవచ్చు.

2021 మార్చి 8న ఇంగ్లండ్‌లో ఒక్కో వృద్ధుడికి ఒక్క బంధువును లోపలికి రానిచ్చారు. అరగంట ముందు వచ్చి పరీక్ష చేయించుకోవాలి, మాస్కూ ఏప్రనూ వేసుకోవాలి. చేయి పట్టుకోవచ్చు, కౌగిలించుకోవడం మాత్రం వద్దు. ఏడాది తర్వాత తల్లిని చూడబోతున్న కూతురికి గుమ్మం దగ్గరే కేర్ వర్కర్ చెప్పాల్సినవి ఉన్నాయి: అమ్మ బాగా చిక్కింది, ముందే చెప్తున్నాను. ఎదురుగా రండి, కింద కూర్చోండి. చేతిని పై నుంచి పట్టుకోవద్దు, మీ చేయి ఆవిడ చేతి కింద పెట్టి ఆగండి. నేనెవరో చెప్పమ్మా అని మాత్రం అడగకండి, మీ పేరు మీరే చెప్పండి. మీరు ఏడిస్తే ఆవిడా ఏడుస్తుంది, ఫరవాలేదు, నేను బయటే ఉంటాను.